మొద్దుల్లో పుట్టే ముక్కుపురుగు: మందుల నుంచి ఇసుక దాకా

యూరప్‌లో సూదుల్లాంటి ఆకులుండే పైన్, స్ప్రూస్ చెట్ల అడవులు పెంచేవాళ్లకు పెద్ద టెన్షన్ పెద్ద పైన్ ముక్కుపురుగు. శాస్త్రీయ నామం హైలోబియస్ అబియెటిస్. ఒళ్లు సెంటీమీటరుకు కాస్త ఎక్కువ, ముదురు గోధుమరంగు మీద పసుపు మచ్చలు. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లోనే దీనికి పేరు పెట్టాడు. కాబట్టి పురుగు కొత్తదేమీ కాదు. దాన్ని ఇంత పెద్ద సమస్యగా మార్చింది మాత్రం చెట్లు నరికే పద్ధతే.

ఆడపురుగు అప్పుడే నరికిన లేదా చావుకు దగ్గరపడ్డ చెట్ల వేళ్ల దగ్గర గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు ఆ వేళ్ల బెరడు కిందే పెరుగుతాయి. చలి ప్రాంతాల్లో ఇందుకు రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. సహజమైన అడవిలో గాలికో మంటకో కూలిన చెట్లు అక్కడో ఇక్కడో దొరికేవి. చెట్లన్నీ ఒకేసారి కొట్టేసి, ఆ నేలలోనే నర్సరీ మొక్కలు నాటడం 19వ శతాబ్దంలో బాగా పెరిగింది. దాంతో ఎకరాల కొద్దీ తాజా మొద్దులు తయారయ్యాయి. నరికిన చోట కారే రెసిన్ (చెట్టు బంక) వాసనకు పురుగులు కిలోమీటర్ల దూరం నుంచి ఎగిరొస్తాయి. పెద్ద చెట్టుకు వీటితో ప్రాణభయం లేదు. లేత మొక్కకు కాండం చుట్టూ బెరడు కొరికేస్తే మాత్రం ఇక అది ఎండిపోవాల్సిందే. రక్షణ లేని చోట నాటినవాటిలో సగానికి పైగా పోయినా ఆశ్చర్యం లేదు. పుట్టడానికి చోటు, తినడానికి తిండి రెండూ మనుషులే పక్కపక్కన పెట్టారు మరి!

మొదట్లో కందకాలు తవ్వి, బెరడు ముక్కలు ఎరగా వేసి పురుగుల్ని ఏరేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీ అనే పురుగుమందు రావడంతో పని సులువైంది: మొక్కను మందులో ముంచడం, నాటడం. స్వీడన్ 1970లో డీడీటీని నిషేధించినా అడవి మొక్కలకు 1975 దాకా మినహాయింపు ఇచ్చింది. ఈ పురుగంటే ఎంత భయమో దీన్నిబట్టే తెలుస్తుంది. ఆ తర్వాత పర్‌మెత్రిన్, దాని వెనక ఇమిడాక్లోప్రిడ్ వచ్చాయి. తేనెటీగలకు ముప్పన్న కారణంతో 2018లో యూరోపియన్ యూనియన్ ఇమిడాక్లోప్రిడ్‌ను ఆరుబయట వాడకుండా ఆపేసింది. ఒక మందు పోతే ఇంకో మందు వెతకడమే దశాబ్దాల పాటు వ్యూహమైంది.

వేరే దారులూ తెరుచుకున్నాయి. స్వీడన్ వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధకులు కాండానికి సాగే జిగురు పూసి, దానిమీద సన్నని ఇసుక అంటించే పద్ధతి తెచ్చారు. ఆ పూత మీద పురుగు బెరడు కొరకలేదు. మొక్క చుట్టూ పైపొర తీసి ఉత్త మట్టి తేలేలా చేస్తే నష్టం ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే అలాంటి నేల మీద పురుగు ఎక్కువసేపు నిలవదు. బ్రిటన్, ఐర్లాండ్‌లలో మొద్దుల్లోని పిల్లపురుగుల మీదికి, వాటి ఒంట్లోకి దూరి చంపే అతి సన్నని నులిపురుగుల్ని (నెమటోడ్లు) వదిలి చూశారు.

ఇసుక పూత మొక్కను కాపాడుతుంది గానీ పురుగుల సంఖ్యను తగ్గించదు. అన్నీ ఒకేసారి కొట్టేయకుండా కొన్ని పెద్ద చెట్లను నిలబెడితే మొక్కలకు దెబ్బ తగ్గుతుందని తెలిసినా, కలప లెక్కల ముందు ఆ మాటకు ఇంకా అంత బలం రాలేదు.