బవర్స్ చేతిలో దారం

నేను రోజూ టీ తాగే మగ్గు మీద ఐదుగురు మనుషులున్నారు. ముగ్గురు నిలబడి, ఇద్దరు మంచులో కూర్చుని. ఒక్కరి ముఖంలోనూ నవ్వు లేదు, పెళ్లిలో భోజనాలకు ముందే గ్రూప్ ఫొటోకి లాక్కొచ్చిన చుట్టాల్లా ఉంటారు. ఇంగ్లండ్ వెళ్లొచ్చిన మిత్రుడొకడు మ్యూజియం షాపులో కొని తెచ్చాడు.

నడుమ నిలబడ్డాయన, అందరికంటే ముందు ధ్రువం చేరాలని బయల్దేరిన బ్రిటిష్ బృందం నాయకుడు, కెప్టెన్ రాబర్ట్ ఫాల్కన్ స్కాట్. చోటు దక్షిణ ధ్రువం, తేదీ 1912 జనవరి 18. నవ్వు ఎలా వస్తుంది? నార్వే నుంచి వచ్చిన అముండ్‌సెన్ బృందం అంతకు ముందే, 1911 డిసెంబరు 14న, అక్కడికి చేరి గుడారం వేసి, జెండా పాతి వెళ్లిపోయింది.

మరి ఫొటో తీసిందెవరు? ఐదుగురూ ఫ్రేములోనే ఉన్నారు. చుట్టూ వందల కిలోమీటర్లలో ఆరో మనిషి లేడు. కూర్చున్నవాళ్లలో హెన్రీ బవర్స్ చేతిని పరీక్షగా చూస్తే, ఒక సన్నటి దారం కెమెరా వైపు సాగి కనిపిస్తుంది. షటర్‌కి దారం కట్టి తనే లాగాడు.

బవర్స్‌కి ఫొటోలు తీయడం నేర్పింది ఆ యాత్ర ఫొటోగ్రాఫర్ హెర్బర్ట్ పాంటింగ్. ఆ చలిలో కెమెరా పట్టుకోవడమే ఒక గండం. ఒకసారి పాంటింగ్ ఫోకస్ చేసుకుంటూ పెదాలు తడుపుకోబోతే నాలుక కెమెరా లోహానికి తగిలి అక్కడే అతుక్కుపోయింది. గట్టిగా లాక్కుంటే నాలుక చివరి చర్మం కెమెరాకే ఉండిపోయింది.

స్కాట్ బృందంలో ఒక్కరూ వెనక్కి రాలేదు. ఎడ్గర్ ఇవాన్స్, ఓట్స్ దారిలోనే పోయారు. స్కాట్, విల్సన్, బవర్స్ ఆహారం దాచిన డిపోకి సుమారు 18 కిలోమీటర్ల ఇవతల గుడారంలో ఆగిపోయారు. స్కాట్ డైరీలో చివరి తేదీ మార్చి 29. వాళ్లను వెతకడానికి వెళ్లినవాళ్ల వెంట మన దేశం నుంచి పంపిన కంచర గాడిదలున్నాయి. వాటి పేర్లు గులాబ్, బేగం, రాణి, లాల్ ఖాన్... అంటార్కిటికాలో ఈ పేర్లు పెట్టి పిలుస్తుంటే ఎలా వినిపించేదో! నవంబరు 12న గుడారం దొరికింది. అందులో డైరీలతో పాటు కడగని ఫిల్మ్ కూడా ఉంది.

ఈ కడగని ఫిల్మే నాకు అన్నిటికంటే వింతగా తోస్తుంది. ఫిల్మ్ మీద జెలటిన్ పొరలో సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాలుంటాయి. షటర్ తెరుచుకున్న ఆ క్షణంలో వెలుగు తగిలిన ప్రతి స్ఫటికంలో కొద్దిపాటి వెండి పరమాణువులు విడివడతాయి. నాలుగైదు ఉన్నా చాలు. కంటికి ఏమీ కనబడదు. తర్వాత డెవలపర్‌లో కడిగితే, ఆ గుర్తు పడ్డ స్ఫటికం మొత్తం వెండిగా మారి నల్లబడుతుంది. కడగక ముందు ఉన్నది బొమ్మ కాదు, బొమ్మకి బయానా లాంటిది. వేడి, తేమ తగిలితే ఆ పరమాణువులు చెదిరిపోయి బయానా కూడా పోతుంది. ఫిల్మ్ రోజుల్లో ఫొటోగ్రాఫర్లు రీళ్లను ఫ్రిజ్‌లో పెట్టుకున్నది అందుకే. ఈ ఫిల్మ్ మాత్రం ధ్రువపు చలికాలమంతా శవాల పక్కన పడి ఉంది. యాత్ర స్థావరమైన కేప్ ఎవాన్స్ గుడిసెకి తెచ్చి కడిగితే ఐదుగురూ, దారంతో సహా, కనిపించారు.

చలి రసాయన చర్యలనే కాదు, ఆవిరి కావడం లాంటి మార్పులనూ నెమ్మదింపజేస్తుంది, ఎవరి మేలూ చూడదు. ధ్రువానికి బయల్దేరక ముందు, 1911 చలికాలంలో విల్సన్, బవర్స్, అదే యాత్రలోని చెర్రీ గరార్డ్ పెంగ్విన్ గుడ్ల కోసం అయిదు వారాలు తిరిగారు. బయల్దేరేటప్పుడు ముగ్గురి స్లీపింగ్ బ్యాగులూ కలిపి 24 కిలోల లోపు. తిరిగొచ్చేసరికి 53 కిలోలు దాటాయి. పెరిగిందంతా వాళ్ల చెమట, ఊపిరి, గడ్డకట్టి తోలులో ఇరుక్కున్న మంచు. కొంచెం వెచ్చగా ఉంటే మంచు కరక్కుండానే ఆవిరై పోయేది. అంత చలిలో ఆ పని కూడా దాదాపు ఆగిపోతుంది.

ఘనపదార్థం ద్రవం కాకుండానే ఆవిరి కావడాన్ని పుస్తకాల్లో ఉత్పతనం అంటారు. మూత సరిగ్గా పెట్టని డబ్బాలో హారతి కర్పూరం చేసేది అదే. నా మగ్గు మీద బొమ్మ ఎక్కిందీ అలాగే. మా వీధిలో ఫొటో స్టూడియోలో ఒకసారి ఇంకో మగ్గుకి ఇలా చేస్తుంటే దగ్గరుండి చూశాను. బొమ్మను అద్దంలోలా తిరగేసి కాగితం మీద ప్రింట్ తీశారు. రంగులు ఎంత వెలవెలబోయి ఉన్నాయంటే ప్రింటర్ పాడైందనుకున్నాను. కాగితాన్ని మగ్గుకి చుట్టి, టేపు అంటించి, 180 నుంచి 200 డిగ్రీల మధ్య వేడిలో కొన్ని నిమిషాలు బిగించారు. పొడి రంగు ఆవిరై మగ్గులోకి దూరుతుంది. పింగాణీలోకి కాదు, అందులో రంగుకి చోటు లేదు. పైన ముందే పూసిన పాలిస్టర్ పొరలోకి. వేడికి పొర లోపల సందులు తెరుచుకుంటాయి, చల్లారాక మూసుకుంటాయి, రంగు లోపలే చిక్కుకుంటుంది. కాగితం ఊడదీసేసరికి నలుపు నల్లగా, తెలుపు తెల్లగా తేలింది.

అంటే మగ్గు మీద బొమ్మంతా పలచటి ప్లాస్టిక్ పొరలోనే ఉంది. మా ఇంట్లో గిన్నెలన్నీ స్టీలు పీచుతోనే తోముతారు, మగ్గుకి మినహాయింపేమీ లేదు. రెండేళ్లయింది. స్కాట్ టోపీ, వెనక జెండా ఇంకా బాగానే ఉన్నాయి. బవర్స్ చేతి దగ్గర దారం మాత్రం, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఏటవాలుగా పట్టుకుంటే తప్ప కనబడటం లేదు.