అమెరికా నర్సింగ్ హోమ్‌ల స్టార్లు: లెక్క రాసేదెవరు?

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన పెద్దవాళ్లను అమెరికా ఆసుపత్రులు ఎక్కువ రోజులు ఉంచుకోవు. నడక కుదుటపడకముందే కేస్ మేనేజర్ వచ్చి, చుట్టుపక్కల నర్సింగ్ హోమ్‌ల జాబితా చేతిలో పెట్టి, ఎక్కడికి పంపాలో త్వరగా తేల్చమంటారు. మన ఊళ్లో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ మాత్రం లేవలేని, తమ పనులు తాము చేసుకోలేని మనుషులు వారాలో, ఏళ్లో ఉండిపోయే చోటు. అలాంటివి దేశంలో సుమారు 15,000 ఉన్నాయి, వాటిలో 12 లక్షల మంది దాకా ఉంటారు. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉన్న తెలుగు పిల్లలు కూడా అందరిలాగే ఫోన్ తీసి, వృద్ధుల ఆరోగ్య బీమా చూసే మెడికేర్ శాఖ నడిపే ‘కేర్ కంపేర్’ వెబ్‌సైట్‌లో స్టార్లు చూస్తారు. నాలుగుంటే సరే, రెండుంటే వద్దు. హోటల్ గదిని ఎంచుకున్నంత తేలిగ్గా తేలిపోతుంది.

ఆ స్టార్లు ఇవ్వడం మొదలై ఇరవై ఏళ్లు కూడా కాలేదు. ఏ హోమ్‌లో సేవ ఎలా ఉందో ప్రభుత్వానికి చెప్పాల్సింది ఎవరన్న తగవు మాత్రం అంతకంటే చాలా పాతది. బయటినుంచి వచ్చి చూసినవాళ్లా, హోమ్ నడిపేవాళ్లేనా?

1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం పేద వృద్ధులకు నెలనెలా సాయం ఇచ్చింది గానీ, ప్రభుత్వం నడిపే పేదల ఆశ్రమాల్లో ఉన్నవారికి ఇవ్వబోమంది. దిక్కులేని ముసలివాళ్లను కుక్కి పెట్టే ఆ పాత ఆశ్రమాలు మూతపడాలన్నది ఉద్దేశం. జరిగింది మరొకటి. చేతిలో సాయం డబ్బు ఉన్న వృద్ధుల కోసం ప్రైవేటు ఇళ్లు వెలిశాయి. ఖాళీ గదులున్నవాళ్లు నాలుగు మంచాలు వేసి వ్యాపారం మొదలుపెట్టారు. వీటికి లైసెన్సులు ఉండాలని రాష్ట్రాలకు కేంద్రం చెప్పడానికి 1950 దాకా పట్టింది.

అసలు డబ్బు 1965లో వచ్చింది. లిండన్ జాన్సన్ సంతకంతో మెడికేర్, మెడికెయిడ్ రెండూ పుట్టాయి. మెడికేర్ 65 ఏళ్లు దాటినవారికి, మెడికెయిడ్ పేదలకు. నర్సింగ్ హోమ్‌లో మెడికేర్ మహా అయితే వంద రోజుల వరకే చూసుకుంటుంది. ఆ తర్వాత దాచుకున్నదంతా కరిగిపోతే మెడికెయిడ్ అందుకుంటుంది. (గ్రీన్‌కార్డు మీద పిల్లల దగ్గరికి వెళ్లిన మన పెద్దవాళ్లు అయిదేళ్లు నిండితే గాని, ప్రీమియం కట్టి అయినా సరే, మెడికేర్‌లో చేరలేరు. ఈ సంగతి చాలామందికి తుంటి విరిగాకే తెలుస్తుంది.) కొత్త ప్రమాణాలు పెడితే వాటిని అందుకోగల హోమ్‌లు కొన్నే తేలాయి. అందుకని ప్రమాణాలకు ‘చాలావరకు’ తూగితే చాలన్నారు. డబ్బు పారింది, తనిఖీ వెనకబడింది.

1970 జనవరిలో ఒహాయో రాష్ట్రం మారియెట్టాలో ఒక నర్సింగ్ హోమ్‌లో మంటలు లేచి 30 మందికి పైగా చనిపోయారు. చాలామందిని చంపింది మంటలు కావు, కార్పెట్ కాలిన పొగ. సెనేటర్ ఫ్రాంక్ మాస్ కమిటీ ఏళ్ల తరబడి విచారణలు జరిపింది. 1970ల మధ్యలో న్యూయార్క్‌లో హోమ్‌ల యజమాని బెర్నార్డ్ బెర్గ్‌మాన్ మెడికెయిడ్ మోసం కేసులో దోషిగా తేలాడు. పత్రికలు రగిలాయి, చట్టసభలు కదిలాయి, మళ్లీ చల్లబడ్డాయి.

నా దృష్టిలో అసలు మలుపు ఈ కుంభకోణాలు కాదు, అంతగా ఎవరికీ గుర్తులేని ఒక దావా. కొలరాడోలో హోమ్‌లో ఉంటున్నవాళ్లే 1975లో కోర్టుకెక్కారు. ప్రభుత్వ తనిఖీదారులు ఏం చూస్తున్నారో వాళ్లు ఎత్తిచూపారు. ఆహారం వండే పద్ధతి కాగితం మీద ఉందా, వంటగది ఉందా, నర్సు పోస్టు ఉందా అని చూస్తున్నారు. మంచంలో ఉన్న మనిషికి తిండి అందిందా, ఒంటికి పుండ్లు పడ్డాయా అన్నది ఫారంలోనే లేదు. ప్రభుత్వం డబ్బిస్తున్నప్పుడు సేవ నిజంగా అందుతోందో లేదో తెలుసుకునే ఏర్పాటు చేయడం దాని బాధ్యతేనని 1984లో అప్పీళ్ల కోర్టు తేల్చింది.

అంతకు రెండేళ్ల ముందే రీగన్ ప్రభుత్వం నిబంధనలు సడలించబోయి ఎదురుదెబ్బ తింది. మధ్యేమార్గంగా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్‌కు అధ్యయనం అప్పగించారు. 1986లో వచ్చిన ఆ నివేదిక పునాదిగా 1987 డిసెంబరులో సంస్కరణ చట్టం వచ్చింది. విచిత్రమేమిటంటే దానిపై సంతకం చేసింది కూడా రీగనే. అప్పటికి హోమ్‌లలో దాదాపు పదిమందిలో నలుగురిని మంచానికో కుర్చీకో కట్టి ఉంచేవారు. దాన్ని చట్టం కట్టడి చేసింది. సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణ ఉండాలంది. 15 నెలలు దాటకుండా, ముందు చెప్పకుండా తనిఖీ జరగాలంది. వీటితోపాటు ప్రతి నివాసి పరిస్థితినీ ఒకే నమూనాలో నమోదు చేయాలంది. నడవగలరా, ఎన్నిసార్లు పడ్డారు, పుండ్లున్నాయా, ఏ మందులు వాడుతున్నారు, అన్నీ. తర్వాత పోలికలన్నిటికీ ముడిసరుకు ఈ నమోదే. దాన్ని నింపేది మాత్రం హోమ్ సిబ్బందే.

కాలిఫోర్నియా హోమ్‌లపై కాంగ్రెస్ ఆడిట్ విభాగం ఇచ్చిన ఘాటైన నివేదిక తర్వాత, 1998లో క్లింటన్ ప్రభుత్వం తనిఖీ ఫలితాలను ఇంటర్నెట్లో పెట్టింది. 2002లో పుండ్లు, నొప్పి, కట్టివేత లాంటి ‘నాణ్యతా కొలమానాలు’ చేరాయి. ఈ అంకెల దొంతర సామాన్యుడికి అర్థం కాకపోవడంతో 2008 డిసెంబరులో ఒకటి నుంచి అయిదు స్టార్లు ఇవ్వడం మొదలుపెట్టారు.

స్టార్ల లెక్క కాస్త నిదానంగా చూడాలి. ముందు తనిఖీ ఫలితాలకు స్టార్లు వేస్తారు. ప్రతి రాష్ట్రంలో పైనున్న పది శాతానికి అయిదు, అడుగున ఉన్న ఇరవై శాతానికి ఒకటి, మిగతావాళ్లకు మధ్యవి. అంటే ఇది రాష్ట్రం లోపలి ర్యాంకు. టెక్సస్ నాలుగు స్టార్లను న్యూజెర్సీ నాలుగు స్టార్లతో పోల్చడం కుదరదు. రాష్ట్రంలో అన్ని హోమ్‌లూ నాసిగా ఉన్నా పైన పది శాతానికి అయిదు స్టార్లు వచ్చితీరతాయి! ఆ తర్వాత సిబ్బంది లెక్క, నాణ్యతా కొలమానాలు చూసి ఒకటో రెండో కలుపుతారు, లేదా తీస్తారు. తొలి ఏళ్లలో తనిఖీ ఒక్కటే బయటివాళ్ల చూపు. మిగతా రెండూ హోమ్‌లు తమ గురించి తాము చెప్పుకున్నవే.

ఊహించినట్టే ఆ రెండింటిలో స్టార్లు ఏటేటా పెరిగాయి. 2014లో న్యూయార్క్ టైమ్స్ ఈ గుట్టు విప్పింది. సిబ్బంది సంఖ్యను అప్పటిదాకా ఏడాదికోసారి తనిఖీ వేళకు, రెండు వారాల లెక్కగా హోమ్‌లే రాసిచ్చేవి. 2016 నుంచి జీతాల రిజిస్టర్ నుంచే రోజువారీ లెక్క పంపమన్నారు. 2018లో ఆ లెక్క స్టార్లలోకి రాగానే దాదాపు 1,400 హోమ్‌ల సిబ్బంది స్టార్లు ఒకటికి పడిపోయాయి. కొన్నిట్లో చాలా రోజులు రిజిస్టర్డ్ నర్సే లేదు, కొన్ని లెక్కే సరిగా పంపలేదు. శని, ఆదివారాల్లో మనుషులు పలచబడటం కూడా అప్పుడే అంకెల్లో కనబడింది.

మందుల సంగతి ఇంకా ఇబ్బందికరం. మతిమరుపు ఉన్న వృద్ధులను సద్దుమణిగేలా ఉంచడానికి మానసిక రోగాల మందులు వాడటం తగ్గాలని, ఆ వాడకాన్ని కొలమానంగా పెట్టారు. స్కిజోఫ్రీనియా ఉన్నవారికి ఆ మందు అవసరం కనుక వాళ్లను లెక్కలోంచి మినహాయించారు. మినహాయింపు ఉన్నచోట రోగం పుట్టుకొచ్చింది. 2021లో అదే పత్రిక చూసేసరికి హోమ్‌లలో తొమ్మిది మందిలో ఒకరికి స్కిజోఫ్రీనియా ఉన్నట్టు రాసి ఉంది. బయట జనంలో అది దాదాపు 150 మందిలో ఒకరికి. చాలావరకు యవ్వనంలో బయటపడే జబ్బు 80 ఏళ్లకు ఎలా అంటుకుందని అడిగే నాథుడు లేకపోయాడు. 2023 నుంచి మెడికేర్ శాఖ ఈ నిర్ధారణలను ఆడిట్ చేస్తోంది. పడిపోవడాల లెక్కా అంతే. చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆసుపత్రి బిల్లులతో సరిచూస్తే, పెద్ద దెబ్బలు తగిలిన సంఘటనల్లో 57 శాతం చిల్లరే హోమ్‌ల రికార్డుల్లో ఉన్నాయి.

కోవిడ్ వచ్చినప్పుడు స్టార్లు పెద్దగా అక్కరకు రాలేదు. ఏ హోమ్‌లోకి వైరస్ వస్తుందన్నది చుట్టుపక్కల ఊళ్లో అది ఎంత ఉందన్నదాన్ని బట్టి తేలిందే తప్ప, స్టార్లను బట్టి కాదు. ఆ తర్వాత 2022లో వారాంతపు సిబ్బంది, ఏడాదిలో ఎంతమంది పని మానేశారన్న లెక్కలూ చేర్చారు. 2024లో ఒక్కో నివాసికి రోజుకు కనీసం 3.48 గంటల నర్సింగ్ సేవ ఉండాలని బైడెన్ ప్రభుత్వం నిబంధన తెచ్చింది. మనుషులు దొరకరు, ఖర్చు భరించలేమని హోమ్‌లు కోర్టుకెళ్లాయి. 2025 ఏప్రిల్లో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు అందులో ముఖ్యమైన భాగాలు కొట్టేసింది. ఆ వేసవిలో కాంగ్రెస్ కూడా దాని అమలును 2034 దాకా ఆపింది.

ఇక మన పెద్దవాళ్ల విషయంలో ముఖ్యమైనవి రెండు ఈ స్టార్లలో ఎక్కడా లేవు. పెరుగన్నం పెడతారా, రాత్రి నొప్పి అని తెలుగులో మూలిగితే అర్థమయ్యేవాళ్లు ఉంటారా అన్నవి. అవి వెళ్లి కనుక్కోవాల్సిందే. కేర్ కంపేర్‌లో మాత్రం స్టార్ల కింద, హోమ్ రాయనివి కొన్ని దొరుకుతాయి. వారాంతపు నర్సు గంటలు జీతాల రిజిస్టర్ లెక్క. వేధింపుల కేసు ఉన్న హోమ్ పేరు పక్కన 2019 నుంచి ఎర్రటి చెయ్యి గుర్తు ఉంటుంది. తనిఖీదారు చూసింది చూసినట్టు రాసే 2567 నంబరు ఫారం పూర్తిగా చదవచ్చు. అందులో ప్రతి లోపానికీ ‘ఎ’ నుంచి ‘ఎల్’ దాకా ఒక అక్షరం ఉంటుంది. ‘జి’ మొదలుకొని పైవన్నీ ఎవరికో నిజంగా హాని జరిగిన, లేదా ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు.