రోజుకు ఒక మిల్లీమీటరు

అన్నం కలుపుతున్నప్పుడు చిటికెన వేలు మిగతా వేళ్లతో కలవకుండా పక్కకు తొలగిపోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి మునుపటికంటే ఎక్కువ సేపు పట్టడం, తాళంచెవి తిప్పుతుంటే బొటనవేలి పట్టు జారడం వంటి ఇబ్బందులు చేతిలో కనిపించినా, చాలామందిలో వాటి మూలం మోచేతి దగ్గర ఉంటుంది. మోచేతి లోపలివైపు తగిలే ఎముక గుబ్బ వెనకగా, చర్మానికి కాస్త కిందనే, అల్నార్ నరం సాగిపోతుంది. గోడ అంచు తగిలినప్పుడు కరెంటు షాక్ కొట్టినట్లు జిల్లుమనేది ఈ నరమే. చిటికెన వేలికి, ఉంగరపు వేలిలో సగానికి స్పర్శనిచ్చేదీ, వేళ్లను విడదీసి దగ్గరకు చేర్చే చిన్న కండరాలను నడిపేదీ ఇదే.

మోచేయి మడిచినప్పుడల్లా ఈ నరం సాగుతుంది, అది దూరి వెళ్లే సన్నని దారి ఇరుకవుతుంది. గంటల తరబడి ఫోన్ చెవికి ఆనించుకోవడం, చేయి మడిచి తలకింద పెట్టుకుని నిద్రపోవడం, బల్లమీద మోచేయి మోపి పనిచేయడం నరాన్ని కొద్దికొద్దిగా నలిపేస్తాయి. చిన్నప్పుడు మోచేతి ఎముక విరిగితే ఎక్స్‌రే తీయించకుండా నాటు కట్టుతో సరిపెట్టినవారిలో, ఎముక వంకరగా అతుక్కుని, ఎన్నో ఏళ్ల తర్వాత చేయి బలహీనపడడం కూడా ఉంది. కుష్ఠు వ్యాధిలో మోచేతి దగ్గర ఈ నరం తాడులా లావెక్కుతుంది. ఆ వ్యాధి క్రిములు శరీరంలో చల్లగా ఉండే చోట్లను వెతుక్కుంటాయి, చర్మానికి దగ్గరగా ఉన్న ఈ నరం వాటికి అనువైన చోటు. అందుకే పరీక్షించేవారు మోచేతి వెనక వేళ్లతో నరాన్ని తడిమి చూస్తారు. పట్టు తప్పి ఆరు నెలలు కాకముందే స్టెరాయిడ్ చికిత్స మొదలుపెడితే చాలా చేతులను కాపాడవచ్చు.

దెబ్బతిన్న నరం ఎప్పటికి కోలుకుంటుందన్నది, దానిలో ఏ భాగం చెడిందన్న దానిపై ఆధారపడుతుంది. 1943లో సెడన్ అనే బ్రిటిష్ వైద్యుడు నరాల గాయాలను మూడు తరగతులుగా విభజించాడు. మొదటి తరగతిలో నరం లోపల సంకేతాలు మోసే సన్నని తీగలు చెక్కుచెదరవు, సంకేతం మాత్రమే ఆగిపోతుంది, కొన్ని వారాల్లో, మహా అయితే మూడు నెలల్లో, చేయి మామూలవుతుంది. రెండో తరగతిలో తీగలు తెగినా వాటిని చుట్టిన గొట్టాలు నిలిచి ఉంటాయి. మూడో తరగతిలో నరమే తెగుతుంది, దాన్ని కుట్టక తప్పదు.

రెండో తరగతిలో జరిగేది నిజంగా అబ్బురపరుస్తుంది. తెగిన చోటునుంచి వేళ్ల వైపున్న తీగ శిథిలమైపోతుందని 1850లో అగస్టస్ వాలర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త కప్ప నాలుక నరాలను పరిశీలించి తెలుసుకున్నాడు. శిథిలాలను నరపు తీగలను చుట్టి ఉండే ష్వాన్ కణాలు, వాటికి తోడొచ్చిన రక్షక కణాలు శుభ్రం చేస్తాయి, ఆ తర్వాత ష్వాన్ కణాలే ఖాళీ గొట్టాల్లో వరుసగా నిలబడి కొత్త తీగకు దారి చూపుతాయి. కొత్త మొలక రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మోచేతి నుంచి అరచేతి కండరాల దాకా దాదాపు 30 సెంటీమీటర్లు, అంటే 300 రోజులు. అయితే నరం అందని కండరం పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల్లో తిరిగి రాలేనంతగా క్షీణిస్తుంది. గెలుపు ఓటములు ఇంత దగ్గరగా ఉన్న పందెం కాబట్టే, తిమ్మిరి మొదలైన ఏడాది తర్వాత డాక్టరు దగ్గరకు వచ్చేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

తిమ్మిరి అనగానే బి కాంప్లెక్స్ మాత్రలు కొనుక్కోవడం మన దగ్గర పరిపాటి. విటమిన్ లోపం ఉంటే అవి మేలు చేస్తాయి గాని, ఇరుకులో నలుగుతున్న నరాన్ని ఏ మాత్రా విడిపించదు. రాత్రిపూట మోచేతి చుట్టూ తువ్వాలు చుట్టి చేయి ముడవకుండా చూసుకోవడం, మోచేతిపై బరువు మోపకపోవడం తేలికపాటి కేసుల్లో చాలు. అలా తగ్గకపోయినా, కండరం చిక్కిపోతున్నా శస్త్రచికిత్స అవసరమవుతుంది. నరంపై బిగుసుకున్న పొరను కోసి వదులు చేయడం, నరాన్ని ఎముక గుబ్బ ముందుకు మార్చడం అనే రెండు పద్ధతులూ చాలామందిలో దాదాపు సమాన ఫలితమే ఇస్తాయి. నష్టం ఎక్కువైనప్పుడు మణికట్టు దగ్గర మరో నరపు కొమ్మను కలిపి దూరాన్ని తగ్గించే పద్ధతి కూడా ఉంది.

నరం పెరుగుతోందని తెలుసుకోవడానికి 1915లో ఫ్రాన్స్‌లో టినెల్, జర్మనీలో హాఫ్‌మన్, పరస్పరం యుద్ధంలో ఉన్న దేశాల వైద్యులు, విడివిడిగా ఒకే గుర్తును ప్రచురించారు. నరం వెంట వేలితో తట్టుకుంటూ పోతే, కొత్త మొలకలు చేరిన చోట చిటికెన వేలిలో చురుక్కుమంటుంది. నెల తర్వాత ఆ చోటు మణికట్టు వైపు రెండు, మూడు సెంటీమీటర్లు జరిగితే శుభవార్త. కదలకుండా అక్కడే ఉండిపోతే, ఆలస్యం చేయకుండా మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.

ముఖ్యంగా నరం తెగి కుట్టించుకున్నవారిలో, స్పర్శ తిరిగొచ్చినా మొదట్లో తప్పుగా వస్తుంది. మొలకలు వేరే గొట్టాల్లో దూరడం వల్ల చిటికెన వేలిని తాకితే ఉంగరపు వేలిని తాకినట్లుంటుంది. కళ్లు మూసుకుని బియ్యం, కందిపప్పు, ఇసుక వేళ్లతో గుర్తుపట్టడం, కళ్లు తెరిచి సరిచూసుకోవడం రోజూ చేస్తే మెదడు కొత్త చిరునామాలు నేర్చుకుంటుంది. పిల్లల్లో ఇది సులువుగా జరుగుతుంది, పైగా వారి చేయి పొట్టిది. అప్పటిదాకా వేడి గిన్నెను ఆ వేళ్లతో ముట్టకూడదు, కాలినా తెలియదు.

కోలుకోవడం మోచేతి దగ్గరి కండరాలతో మొదలై అరచేతి వైపు సాగుతుంది. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య, కండరం చిక్కిపోయి చేతి వెనకవైపు ఏర్పడిన గుంట పూడడం దాదాపు అందరిలోనూ చివరిది. ఆ రెండు వేళ్ల మధ్య కాగితం పట్టుకుని లాగమంటే ఇన్నాళ్లూ బొటనవేలు కణుపు దగ్గర వంగిపోయేది. అది నిటారుగా ఉండి కాగితాన్ని పట్టి ఉంచగలిగిన రోజున, కొత్త తీగ ఆ చివరి కండరాన్ని చేరిందని అర్థం.