ఓవరాల్ 7 వస్తే చాలా? ఇంగ్లిష్ పరీక్షలపై అపోహలు - వాస్తవాలు

ఐఈఎల్‌టీఎస్, టోఫెల్, పీటీఈ... శిక్షణ కోసం వచ్చేవాళ్లు ముందుగా అడిగేది "వీటిలో ఏది తేలిక?" అని. నేను తిరిగి అడిగేది "స్కోర్ ఎవరికి చూపించాలి?" అని. యూనివర్సిటీకా, వీసాకా, పీఆర్‌కా (శాశ్వత నివాసానికా)? ఇది తేలకుండా ఫీజు కట్టేసి, ఆ తర్వాత టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ.

అపోహ: ఐఈఎల్‌టీఎస్‌లో ఓవరాల్ 7 వస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: ఓవరాల్ అంటే నాలుగు సెక్షన్ల సగటు. లిజనింగ్ 7.5, రీడింగ్ 7, స్పీకింగ్ 6.5, రైటింగ్ 6 వచ్చాయనుకోండి. సగటు 6.75. ఐఈఎల్‌టీఎస్ దాన్ని 7కి పెంచుతుంది. ఇంట్లో స్వీట్లు పంచేస్తారు. కానీ యూనివర్సిటీ "ఓవరాల్ 7, ఏ సెక్షన్‌లోనూ 6.5కి తగ్గకూడదు" అని రాసి ఉంటే ఆ రైటింగ్ 6 దగ్గరే ఆగిపోతారు. కెనడా పీఆర్‌కి అయితే ఓవరాల్‌ని అసలు లెక్కలోకే తీసుకోరు, ప్రతి సెక్షన్‌నీ విడిగా చూస్తారు. కెనడా వాడే భాషా స్థాయి కొలమానం సీఎల్‌బీలో 9 కావాలంటే లిజనింగ్‌లో 8, మిగతా మూడింటిలో 7 చొప్పున రావాలి. లిజనింగ్ 7.5 దగ్గర ఆగితే రీడింగ్‌లో 9 వచ్చినా ఆ లోటు పూడదు.

అపోహ: ఏ పరీక్ష రాసినా అన్నిచోట్లా చెల్లుతుంది.

వాస్తవం: చెల్లదు. ఇంటి నుంచే రాసే డ్యుయోలింగో పరీక్షను చాలా యూనివర్సిటీలు తీసుకుంటాయి, కెనడా పీఆర్‌కి మాత్రం పనికిరాదు. పీటీఈలోనూ రకాలున్నాయి. యూనివర్సిటీలకు పీటీఈ అకడమిక్ రాస్తారు, కెనడా పీఆర్ దరఖాస్తుల పద్ధతి అయిన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి కావాల్సింది పీటీఈ కోర్. ఐఈఎల్‌టీఎస్ అయితే అక్కడ జనరల్ ట్రైనింగే రాయాలి, అకడమిక్‌లో ఎంత మంచి స్కోర్ ఉన్నా కుదరదు.

"జనరల్ కదా, తేలికే" అనుకోకండి. లిజనింగ్, స్పీకింగ్ అకడమిక్‌కీ జనరల్‌కీ ఒకటే. రీడింగ్‌లో పాఠాలు కాస్త సులువు, అయితే ఆ సులువుకి తగ్గట్టే మార్కుల లెక్క బిగిస్తారు. 7 బ్యాండ్‌కి, అంటే 7 స్కోర్‌కి, అకడమిక్‌లో 40కి సుమారు 30 సరైన జవాబులు చాలు, జనరల్‌లో 34 దాకా కావాలి.

అపోహ: బ్రిటిష్ యాసలో మాట్లాడితే స్పీకింగ్‌లో ఎక్కువ వేస్తారు.

వాస్తవం: చూసేవి నాలుగు: తడబడకుండా పొందిక‌గా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. ఉచ్చారణ అంటే మీ మాట అవతలివాళ్లకు శ్రమ లేకుండా అర్థం కావడం. అరువు యాస పెట్టినవాళ్లకు సగం ధ్యాస దాని మీదే ఉంటుంది, చెప్పాల్సింది గాలికిపోతుంది. మీ అభిప్రాయం ఎగ్జామినర్‌కి నచ్చాలన్న నియమం కూడా లేదు.

అపోహ: టెంప్లేట్ బట్టీపట్టి, నాలుగు పెద్ద పదాలు వేస్తే రైటింగ్ గట్టెక్కుతుంది.

వాస్తవం: నాకు బాగా చిరాకు తెప్పించే అపోహ ఇదే, ఎందుకంటే దీన్ని డబ్బులు తీసుకుని మరీ అమ్ముతున్నారు. బట్టీపట్టిన వాక్యాలను ఎగ్జామినర్లు ఇట్టే పసిగడతారు. ఐఈఎల్‌టీఎస్‌లో అడిగినదానికి జవాబు ఇచ్చారా అన్నదానికే నాలుగో వంతు మార్కులు. ఏ ప్రశ్నకైనా అతికే వ్యాసం దేనికీ పూర్తి జవాబు కాదు. రైటింగ్‌లో రాయాల్సిన రెండు టాస్క్‌లలో రెండోదానికి మొదటిదానికంటే రెట్టింపు విలువ. అయినా చాలామంది గంటలో సగం మొదటి టాస్క్‌కే ఖర్చుపెట్టేస్తారు. దానికి 20 నిమిషాలు చాలు.

నెగెటివ్ మార్కులు ఉంటాయన్నది కూడా అపోహే. ఐఈఎల్‌టీఎస్‌లో లేవు, తెలియకపోయినా ఏదో ఒక జవాబు రాసేయండి. యూకే వీసా కోసం రాసే యూకేవీఐ పేపర్ కష్టమన్నదీ అంతే. పరీక్ష అదే, భద్రతా ఏర్పాట్లే వేరు.

అపోహ: ఒక సెక్షన్ తగ్గితే మళ్లీ మొత్తం రాయాల్సిందే.

వాస్తవం: కంప్యూటర్‌పై ఐఈఎల్‌టీఎస్ రాసినవాళ్లకు, ఆ సదుపాయం ఉన్నచోట, 60 రోజుల్లోపు ఒక్క సెక్షన్‌నే మళ్లీ రాసే వీలుంది. అయితే ఈ స్కోర్‌ను అందరూ ఒప్పుకోరు కాబట్టి మీరు దరఖాస్తు చేసే చోట ముందే కనుక్కోండి. రీమార్కింగ్ కూడా అడగొచ్చు, స్కోర్ పెరిగితే ఆ ఫీజు తిరిగిస్తారు. రైటింగ్‌లో అర బ్యాండ్ దూరంలో ఆగినవాళ్లు ఆలోచించదగ్గ దారి ఇది. లిజనింగ్, రీడింగ్‌లలో జవాబు అయితే ఒప్పు, లేదా తప్పు. వాటిలో మారేది చాలా తక్కువ.