పాకంలో వేట

ఫైటర్ చేప నురుగు గూడు కట్టింది, వందకు పైగా పిల్లలు వచ్చాయి, మెత్తటి పొడి మేత వేస్తూనే ఉన్నా వారం తిరిగేసరికి ఒక్కటీ మిగల్లేదని ఒక పాఠకురాలు రాశారు. ఇంటికి రావాల్సిన కీడును అవి తీసుకుపోయాయని పెద్దవాళ్లు సర్దిచెప్పారట. ఈ నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. అది ఉన్నచోట అసలు కారణం ఎవరూ వెతకరు. నాకు తోచినంతలో ఆ పిల్లలు మేత మధ్యలోనే ఆకలితో పోయాయి.

పుట్టిన పిల్ల పొట్ట కింద పచ్చసొన సంచి ఉంటుంది. అది రెండు మూడు రోజుల్లో కరిగిపోతుంది. ఆలోపు వేట రావాలి. సముద్రంలో ఒక ఏడాది చేపలు ఎక్కువా తక్కువా అన్నది ఈ గండం దగ్గరే తేలుతుందని నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ 1914లో ప్రతిపాదించాడు.

వేట ఎందుకంత కష్టం? ముదురు బెల్లం పాకంలో ఒక ఆవగింజ వేసి, చెంచాతో దాన్ని అందుకోబోండి. చెంచా కన్నా ముందే పాకం కదిలి గింజను అవతలికి నెడుతుంది. చెంచా ఆపారంటే పాకమూ అక్కడే ఆగిపోతుంది. గ్లాసులో నీళ్లయితే ఇంకాసేపు సుడి తిరిగేవి. 3 మిల్లీమీటర్ల చేపపిల్లకు మామూలు నీరే ఆ పాకం. దీన్ని కొలిచేది రెనాల్డ్స్ సంఖ్య. అంటే పరిమాణాన్ని వేగంతో గుణించి, ద్రవం చిక్కదనంతో భాగించడం. అది ఎంత తక్కువైతే నీరు అంత పాకంలా అనిపిస్తుంది. మనిషి ఈదితే అది సుమారు 20 లక్షలు. నోరు 0.3 మిల్లీమీటర్లు, పీల్చే నీటి వేగం సెకనుకు 10 మిల్లీమీటర్లు అనుకుంటే చేపపిల్లకు వచ్చేది 3. చేపలు నోరు చటుక్కున తెరిచి నీటితోపాటు ఎరను లాగేసుకుంటాయి. పాకంలో ఆ లాగుడు మూతి దాటి పోదు. 2014లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు డెక్‌స్ట్రాన్ అనే చక్కెర జాతి పదార్థం కలిపి నీటిని చిక్కబరిస్తే, కాస్త ఎదిగిన సముద్రపు చేపపిల్లలకు కూడా తిండి దొరకడం తగ్గిపోయింది.

కాబట్టి గురి చాలాసార్లు తప్పుతుంది. మళ్లీ మళ్లీ ప్రయత్నించాలంటే ఎర మూతి ముందే, రోజంతా ఉండాలి. పైగా అది కదిలితేనే పిల్ల కంటికి ఆనుతుంది. పొడి మేత కదలదు, అడుగుకు చేరి కుళ్లుతుంది, అమోనియా పెరుగుతుంది.

కదిలే ఎర పెంచడానికి ఇక్కడే నత్త కావాలి. కొళాయి నీళ్లు వద్దు, క్లోరిన్ పోయిన పాత నీళ్లు సీసాలో పోసి, క్యాబేజీ ఆకు ఒకటి, నాలుగైదు రామ్స్‌హార్న్ నత్తలు వేయండి. నత్త తన గరుకు నాలుకతో ఆకును గీరి తింటుంది. దాని రెట్ట మీద బ్యాక్టీరియా పెరుగుతుంది, బ్యాక్టీరియాను తింటూ పారమీసియంలనే ఏకకణ జీవులు పెరుగుతాయి. కొద్ది రోజుల్లో వెలుతురు వైపు తెల్లటి పొగలా కనిపిస్తాయి. బడిలో పారమీసియం బొమ్మ గీయించి మార్కులు వేస్తాం. చేపపిల్లకు అదే తొలి ముద్ద అని ఈ సీసా చూపించి చెబితే ఏ పిల్లాడు మరిచిపోతాడు! పిల్లల తొట్టిలోనూ రెండు నత్తలు ఉంచండి, కానీ గుడ్లు పొదిగాకే. చెరువు నీళ్లు మాత్రం తేవద్దు, వాటితో తూనీగ పిల్లలు వస్తే మీ చేపపిల్లల్ని వరసగా తినేస్తాయి.

వారం దాటాక ఆర్టీమియా, అంటే ఉప్పునీటిలో బతికే రొయ్యలాంటి చిన్న జీవి పిల్లలు. మన తీరంలోని రొయ్యల హేచరీలు వాడేదే. దాని గుడ్లు ఉప్పునీటిలో, 28 డిగ్రీల వేడిలో, గాలి పంపు పెడితే ఒక రోజులో పొదుగుతాయి. పొదిగిన కొద్ది గంటల్లోనే వేయాలి, ఆలస్యమైతే ఆర్టీమియా పిల్ల తన సొనను తానే వాడేసుకుంటుంది. వేశాక టార్చి పట్టి చూడండి. గాజులాంటి చేపపిల్ల ఒంట్లో పొట్ట నారింజ రంగుకు తిరిగిందంటే, పిల్ల తిన్నట్టే.