ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఒకటైతే చిన్న జర్నలేనా?

పర్లాకిమిడి

చిరంజీవులు పిల్లలందరికీ మేష్టారి ఆశీస్సులు.

బరంపురంలో లెక్కల్లో ఎమ్మెస్సీ చేస్తున్న మీ అక్క, ఏదో గణిత జర్నల్‌కి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఒకటేనని, కాబట్టి అది గొప్పదేమీ కాదని అందట. నిజమేనా అని అడిగారు. ఆ అంకె ఎలా వస్తుందో ముందు చూద్దాం.

పరిశోధకులు కొత్తగా రుజువు చేసిన సంగతులను అచ్చువేసే పత్రికే జర్నల్. వ్యాసం రాసేవాళ్లు తాము ఎవరి ఫలితం వాడుకున్నారో చివర్లో పేరుపేరునా చెప్పాలి. అదే సైటేషన్. ఇప్పుడు పెన్ను తీసుకోండి. ఒక జర్నల్ 2021లో 40, 2022లో 60 వ్యాసాలు వేసిందనుకుందాం. 2023లో వచ్చిన జర్నల్స్‌లో ఆ వంద వ్యాసాలకు మొత్తం 150 సైటేషన్లు పడ్డాయనుకుందాం. 150ని 100తో భాగిస్తే 1.5. 2023కి దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అదే. అంటే ముందు రెండేళ్ల వ్యాసాలకే లెక్క. ఆ 150లో 90 ఒక్క వ్యాసానివే అయి ఉండొచ్చు, సగం వ్యాసాలకు సున్నా కావచ్చు. సగటు చూస్తే ఇవేవీ తెలియవు.

ఈ ఆలోచనను అమెరికాలో యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో బయటపెట్టాడు. తర్వాత ఏ వ్యాసాన్ని ఎవరు పేర్కొన్నారో చూపే తన సైటేషన్ సూచికలో ఏ జర్నల్స్ చేర్చాలో ఎంచుకోవడానికి ఈ కొలతను వాడుకున్నాడు. దాన్ని పట్టుకుని మనుషుల ఉద్యోగాలు, ప్రమోషన్లు తేల్చేయడం మాత్రం నాకు చాలా బాధగా ఉంటుంది.

గణితానికి ఆ రెండేళ్ల గడువుతోనే చిక్కు. రుజువులో ప్రతి మెట్టూ రిఫరీ, అంటే అచ్చుకు ముందు వ్యాసాన్ని పరీక్షించే నిపుణుడు, సరిచూడాలి. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. 2021 నాటి ఫలితాన్ని మీరు చదివి, అర్థం చేసుకుని, దానిమీద మీదొకటి రాసి పంపితే, అది అచ్చయ్యేసరికి 2024 వచ్చేయొచ్చు. అప్పుడు మీ సైటేషన్ ఆ లెక్కలో పడదు. పైగా గణిత వ్యాసాల్లో సైటేషన్ల జాబితా చిన్నది. అందుకే పెద్ద వైద్య జర్నల్స్‌కి పదుల్లో ఉంటే, గణితంలో అందరూ గౌరవించే ఆనల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్‌కి ఒంటి అంకే ఉంటుంది. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ తన సొంత కొలతకు అయిదేళ్లు తీసుకుంటుంది. అదే కొంత నయం.

మన సి.ఆర్. రావుగారి సంగతి చెప్పాలి. విశాఖపట్నంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదువుకున్నారు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక వ్యాసం వేశారు. కొలతల్లోంచి తెలియని విలువను అంచనా వేసేటప్పుడు, పక్షపాతం లేని (సగటున అసలు విలువనే ఇచ్చే) ఏ పద్ధతి వాడినా, అంచనాల చెదురు ఒక హద్దుకంటే తగ్గదని అందులో చూపించారు. ఇవాళ దాన్ని క్రామర్–రావు హద్దు అంటారు, ప్రపంచమంతా పాఠం చెబుతారు. ఆ పనికి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి 2023లో వచ్చింది. మధ్యలో 78 ఏళ్లు! రెండేళ్ల లెక్కలో ఇది ఎక్కడ కనిపిస్తుంది?

దొంగలెక్కలూ ఉన్నాయి. నీది నేను, నాది నువ్వు అని ఒకరినొకరు పేర్కొంటూ అంకె పెంచుకునేవాళ్లుంటారు. గణితం చిన్న రంగం కాబట్టి కొద్దిపాటి మోసానికే అంకె తారుమారవుతుంది. ఎక్కువ సైటేషన్లున్న పరిశోధకుల జాబితాలోంచి, ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు ప్రకటించే క్లారివేట్ సంస్థ 2023లో గణితం విభాగాన్నే తీసేసింది.

అక్క సెలవులకి వచ్చినప్పుడు ఆ జర్నల్‌లోంచి ఒక వ్యాసం ప్రింట్ తీసి తెమ్మనండి. చివరి పేజీలో సైటేషన్లు ఏ ఏడాదివో మీరే లెక్కపెడుదురు గాని.

మీ
లెక్కల మేష్టారు