చేతి ఇబ్బంది కొలిచే ప్రశ్నావళి: తెలుగులో పెట్టేస్తే సరిపోతుందా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఫిజియోథెరపీ చేస్తున్నాను. భుజం పట్టేసినవాళ్లు, మణికట్టు విరిగి కట్టు విప్పించుకున్నవాళ్లు రోజూ వస్తారు. వాళ్ల ఇబ్బందిని కొలవడానికి ‘డ్యాష్’ అనే ప్రశ్నావళి ఉంది. 1996లో ఇంగ్లీషులో వచ్చింది, 30 ప్రశ్నలు. స్కోరు 0 అంటే ఇబ్బందే లేదు, 100 అంటే ఏ పనీ చేతకాదు.

అపోహ: ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు అనువదిస్తే చాలు.

వాస్తవం: ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి. ఆ రెండిటినీ కలిపి ఒకటి చేశాక, మూలం చూడని మరో ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లీషులో పెట్టాలి. నిపుణుల కమిటీ చూశాక 30–40 మందితో అడిగి చూడాలి. అసలు సంగతులు బయటపడేది అక్కడే. మనకు భుజం నుంచి వేళ్ల దాకా అంతా ‘చెయ్యే’. మా వైపు పైభాగాన్ని ‘రెక్క’ అంటారు. ఆ మాట పడేదాకా చాలామంది మణికట్టు గురించే జవాబు చెబుతారు.

అపోహ: ప్రశ్న అర్థమైతే జవాబు సరైనదే.

వాస్తవం: బిగుసుకున్న సీసా మూత తీయగలరా అని ఒక పెద్దావిడను అడిగాను. ‘నానెందుకు తీస్తాను బాబూ, మా కోడలు తీస్తాది’ అంది. ప్రశ్న అర్థమైంది, కానీ ఆమె చెప్పింది ఇంట్లో ఆ పని ఎవరిదో. గత వారం రోజుల్లో ఆ పని చేయకపోతే, చేయాల్సివస్తే ఎలా ఉంటుందో అంచనాగా చెప్పమనాలి. నేను ఖాళీ సీసా చేతికిచ్చి అడిగాను. మూత పట్టుకోగానే మొహం ముడుచుకుంది. ‘బాగా కష్టం’ దగ్గర టిక్కు పెట్టాం. ఇలాంటివి కాగితం మీద కనపడవు.

అపోహ: తెలుగువాళ్లే కాబట్టి కాగితం ఇస్తే నింపేస్తారు.

వాస్తవం: ఇక్కడ ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. అనర్గళంగా మాట్లాడేవాళ్లలో కూడా తెలుగు అక్షరాలు రానివాళ్లు ఉన్నారు. చదివి వినిపించాలంటే, అలా అడిగినప్పుడు కూడా కొలత నిలుస్తుందో లేదో విడిగా పరీక్షించాలి.

అపోహ: క్రోన్‌బాక్ ఆల్ఫా అనే అంకె ఎక్కువ వస్తే వ్యాలిడేషన్, అంటే కొలత సరైనదేనని తేల్చడం, అయిపోయినట్టే.

వాస్తవం: కాదు. ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయని మాత్రమే అది చెబుతుంది. చెయ్యి మారనివాళ్లను కొన్నాళ్లకు మళ్లీ అడిగితే అదే స్కోరు రావాలి, నయమైనవాళ్లకు తగ్గాలి.

అపోహ: ఇబ్బందికరమైన ప్రశ్నలు తీసేయొచ్చు.

వాస్తవం: 27 జవాబులైనా ఉంటేనే స్కోరు కట్టాలి కాబట్టి, దాంపత్య జీవితం గురించిన ప్రశ్న ఎవరైనా వదిలేసినా లెక్క కుదురుతుంది. మనమే కొట్టేస్తే మాత్రం అది వేరే ప్రశ్నావళి అయిపోతుంది. ఆ ప్రశ్న వచ్చేసరికి వెంట వచ్చినవాళ్లను కాసేపు బయట కూర్చోమంటాను.